మొదటి మెట్టు ఏది: కిలిమంజారోనా, బేసిక్ కోర్సా?

మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఎవరైనా అబ్బాయో అమ్మాయో పర్వతాలెక్కాలని ఉందంటే చాలాసార్లు ముందు వినపడే పేరు కిలిమంజారో. దాతల చుట్టూ తిరుగుతారు, స్థానిక పేపర్లో ఫొటో వేయిస్తారు, నెలల తరబడి కష్టపడి లక్షలు పోగు చేస్తారు. పిల్ల వెళ్లి శిఖరం మీద జెండా పట్టుకుని వస్తుంది. సన్మానం కూడా జరుగుతుంది. తర్వాత ఏం చేయాలని అడిగితే మాత్రం చెప్పేవాళ్లు తక్కువ. అదే ఉత్సాహం ముందు పర్వతారోహణ బేసిక్ కోర్సు నేర్పే ఉత్తరకాశీకో డార్జిలింగ్‌కో వెళ్లాలని నేను గట్టిగా నమ్ముతాను.

కిలిమంజారో చిన్న కొండేమీ కాదు. టాంజానియాలో ఉన్న ఈ కొండ 5,895 మీటర్లు, ఆఫ్రికా ఖండంలోకెల్లా ఎత్తు. మామూలు దారుల్లో తాడు, మంచు గొడ్డలి అవసరం పడవు, మొత్తం నడకే. కష్టమంతా గాలి దగ్గర వస్తుంది. శిఖరం మీద ఊపిరికి దొరికే ఆక్సిజన్ సముద్ర తీరంతో పోలిస్తే దాదాపు సగం. మచామే దారిలో వెళ్లేవాళ్లు సుమారు 4,670 మీటర్ల ఎత్తున ఉన్న బరాఫు క్యాంపు నుంచి అర్ధరాత్రి చలిలో బయలుదేరి, ఒక్క విడతలో 1,200 మీటర్లు పైకి నడవాలి. అందుకే ఐదు రోజుల చౌక ప్యాకేజీ కంటే ఏడెనిమిది రోజులది మేలు. శరీరం ఎత్తుకు అలవాటుపడటానికి ఆ రెండు మూడు రోజులే కీలకం. గైడ్ తప్పనిసరి, సామాన్లు పోర్టర్లు మోస్తారు. మీ పని నడవడం, నీళ్లు తాగడం, తలనొప్పి ముదిరితే దాచకుండా చెప్పడం.

బేసిక్ మౌంటెనీరింగ్ కోర్సు దారి పూర్తిగా వేరు. డార్జిలింగ్‌లోని హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్ 1954లో మొదలైంది. ఎవరెస్ట్ ఎక్కిన మరుసటి ఏడాదే టెన్జింగ్ నార్గే అక్కడ శిక్షణ బాధ్యత తీసుకున్నారు. ఉత్తరకాశీలోని నెహ్రూ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మౌంటెనీరింగ్ 1965లో వచ్చింది. మనాలీలో ఒకటి, పహల్గామ్‌లో ఒకటి ఉన్నాయి. కోర్సు దాదాపు నాలుగు వారాలు. ఉత్తరకాశీలో ముందు టెఖ్లా బండల మీద రాక్ క్లైంబింగ్ నేర్పుతారు. ముడులు వేయడం, బిలే ఇవ్వడం (ఎక్కేవాళ్లు పడిపోకుండా కింద నుంచి తాడు పట్టి కాపాడటం), తాడు మీద దిగడం అక్కడే చేతికి వస్తాయి. తర్వాత డోక్రియానీ హిమానీనదానికి నడక, మీ రక్‌శాక్ మీ వీపు మీదే. మంచు మీద క్రాంపాన్లతో (బూట్లకు తగిలించే ఇనుప ముళ్లు) నడవడం, జుమార్‌తో (తాడును పట్టి నిలిపే పరికరం) ఎక్కడం, జారితే మంచు గొడ్డలి గుచ్చి ఆగడం పదే పదే చేయిస్తారు. విద్యార్థులను కొంతమంది చొప్పున ‘రోప్’లుగా విడదీసి ఒక్కో ఇన్‌స్ట్రక్టర్‌కు అప్పగిస్తారు. మీరు వేసిన ముడి మీద పక్కవాడి ప్రాణం ఆధారపడి ఉందని ఆ రోప్‌లోనే తెలిసొస్తుంది. నా దృష్టిలో కోర్సు ఇచ్చే అసలైన చదువు అదే. చివర్లో ‘ఏ’ గ్రేడ్ వస్తేనే అడ్వాన్స్‌డ్ కోర్సుకు తలుపు తెరుచుకుంటుంది. కిలిమంజారో సర్టిఫికెట్ చూపిస్తే తెరుచుకోదు.

ఇంట్లోవాళ్ల టెన్షన్ కూడా న్యాయమైనదే. 2022 అక్టోబర్ 4న ద్రౌపదీ కా డాండా శిఖరం మీద మంచు చరియలు విరిగిపడి ఉత్తరకాశీ సంస్థ అడ్వాన్స్‌డ్ కోర్సు బృందం చిక్కుకుంది. విద్యార్థులు, ఇన్‌స్ట్రక్టర్లు కలిపి 29 మంది ప్రాణాలు పోయాయి, లేదా జాడ తెలియకుండా పోయారు. అదే ఏడాది మేలో ఎవరెస్ట్, మకాలు శిఖరాలు ఎక్కిన సవితా కంస్వాల్ ఆ బృందంలో ఇన్‌స్ట్రక్టర్. ఆ రోజును తలచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. మంచు కొండ ఎవరికీ పూచీ ఇవ్వదు, ఎంత పేరున్న సంస్థలో ఉన్నా సరే. అయినా పెద్ద పర్వతాలకు ఎలాగూ వెళ్తానని పట్టుబట్టే పిల్లను శిక్షణ లేకుండా పంపడం నాకు ఇంకా భయం.

మన పూర్ణ ప్రయాణమే చూడండి. 2014 మే 25న టిబెట్ వైపు నుంచి ఎవరెస్ట్ ఎక్కేనాటికి మాలావత్ పూర్ణకు పద్నాలుగేళ్లు నిండలేదు. పతాక శీర్షికల్లో ఆమె వయసే కనబడింది. అంతకుముందు భువనగిరి బండ మీద, డార్జిలింగ్‌లో, లడఖ్ చలిలో పడ్డ శ్రమ గురించి రాసింది తక్కువ. ఆమె కిలిమంజారో ఎక్కింది ఎవరెస్ట్ తర్వాత, 2016లో. నెల్లూరు జిల్లా బిడ్డ మల్లి మస్తాన్ బాబుకు కూడా కిలిమంజారో 2006లో 172 రోజుల్లో పూర్తిచేసిన ఏడు ఖండాల అత్యున్నత శిఖరాల్లో ఒకటి మాత్రమే.

కిలిమంజారో ఎవరికి సరిపోతుందంటే, తాళ్లు, మంచు గోడల జోలికి వెళ్లే ఆలోచన లేనివాళ్లకు. నలభై దాటి, పది రోజుల సెలవు దొరికి, ఒక్కసారి ఆ ఎత్తు చూడాలనుకునే ఉద్యోగికి అంతకంటే మంచి కొండ చెప్పలేను. నెల రోజుల సెలవు, తెల్లవారుజామున పరుగు, వీపు మీద బరువు అందరివల్లా కావు. వెళ్లేవాళ్లు మాత్రం పోర్టర్లకు కూలి ఎంత ఇస్తారో, ఒక్కొక్కరి మీద ఎంత బరువు వేస్తారో కంపెనీని ముందే అడగండి. మరీ చౌకగా వస్తున్న ప్యాకేజీలో ఆ తగ్గింపు వాళ్ల పొట్ట కొట్టి తెచ్చింది కావచ్చు.

ఇక ఖర్చు. కిలిమంజారోలో పార్క్ ఫీజులకే రోజుకు వంద డాలర్లు దాటుతాయి. విమానం టికెట్టు, గైడ్లు, టిప్పులు వేరు. ప్రభుత్వ సంస్థల్లో కోర్సు ఫీజు మన దేశస్థులకు వేలల్లోనే ఉంటుంది, తిండి, బస, సామాన్లు అందులోనే. స్పాన్సర్ చేసే పెద్దలు ఈ తేడా గమనించాలి. ఒకరిని టాంజానియా పంపే డబ్బుతో నలుగురైదుగురు పిల్లలను కోర్సుకు పంపవచ్చు. వాళ్లలో ‘ఏ’ గ్రేడ్ తెచ్చుకున్నవాళ్లకు అడ్వాన్స్‌డ్ కోర్సు ఫీజు కూడా కడతామని ముందే మాటివ్వండి. సీట్లు నెలల ముందే నిండిపోతాయి కాబట్టి వేసవి కోర్సు కావాలంటే సెలవులొచ్చేదాకా ఆగకుండా అంతకుముందే దరఖాస్తు పంపించేయాలి.