యూకాస్ దరఖాస్తు: ఖాళీ పెట్టె పోయి మూడు ప్రశ్నలు వచ్చాక

బ్రిటన్‌లో డిగ్రీలో చేరదలచిన విద్యార్థులు సాధారణంగా యూకాస్ దరఖాస్తు ముందు కూర్చోక తప్పదు; యూనివర్సిటీల ప్రవేశ దరఖాస్తులను ఒకేచోట తీసుకునే సంస్థ అది. ఒకే దరఖాస్తుతో ఐదు కోర్సుల వరకు కోరుకోవచ్చు, వైద్యవిద్యకైతే నాలుగే. ఇంట్లో ఎవరూ యూనివర్సిటీ గడప తొక్కని పిల్లలకు దీన్ని నింపడంలో కొన్నేళ్లుగా సాయంకాలాలు తోడు కూర్చుంటున్నాను కనుక, ఈ సేవ అటువంటివారికి ఎంతవరకు పనికొస్తోందన్నదే ఇక్కడ చూస్తాను.

2026 ప్రవేశాల నుంచి పర్సనల్ స్టేట్‌మెంట్, అంటే దరఖాస్తులో విద్యార్థి తన గురించి రాసుకునే వ్యాసం, రూపం మారింది. అంతకుముందు అది 4,000 క్యారెక్టర్లు, 47 పంక్తులు దాటకూడని ఒక ఖాళీ పెట్టె. చదువుకున్న తల్లిదండ్రులో, డబ్బిచ్చి పెట్టుకున్న ట్యూటరో పక్కన ఉన్నవారికి ఆ పెట్టెలో ఏం నింపాలో తెలిసేది. మిగిలినవారు చిన్ననాటి కల గురించి మొదటి వాక్యం రాయడం, చెరపడం, మళ్లీ అదే రాయడంతోనే రోజులు గడిపేవారు. ఎవరి సాయమూ లేకుండా దీన్ని పూర్తిచేయడం కష్టమని 79 శాతం విద్యార్థులు చెప్పినట్టు యూకాస్ తానే 2023లో ప్రకటించింది. ఇప్పుడు ఆ పెట్టె స్థానంలో మూడు ప్రశ్నలున్నాయి: ఈ కోర్సు ఎందుకు కావాలి, ఇప్పటిదాకా చదివినది అందుకు ఎలా సిద్ధం చేసింది, చదువు బయట ఏం చేశారు, అది ఎందుకు ఉపయోగం. మొత్తం పరిమితి అదే 4,000 క్యారెక్టర్లు, ఒక్కో జవాబుకు కనీసం 350.

నర్సింగ్ కోరుకున్న ఒక అమ్మాయి మూడో ప్రశ్న దగ్గర ఆగిపోయి, తనకు చెప్పుకోవడానికి ఏమీ లేదంది. బడి అయ్యాక ఏం చేస్తావని అడిగితే, తమ్ముళ్లను తీసుకురావడం, వంట, తల్లికి ఆసుపత్రి ఉత్తరాలు చదివి వాళ్ల భాషలో చెప్పడం అని తేలిగ్గా చెప్పేసింది. ఇవి లెక్కలోకి వస్తాయని ఆమెకు ఎవరూ చెప్పలేదు. చివరికి, మందుల చీటీలో ‘రోజుకు రెండుసార్లు’ అని ఉంటే అది ఏయే పూటలో తేల్చుకోవడానికి ఫార్మసీకి ఫోన్ చేసిన సంగతితో జవాబు మొదలుపెట్టింది. 350 క్యారెక్టర్లు నిండవేమోనని భయపడిన పిల్ల, తర్వాత ఏది తీసేయాలో తెలియక తంటాలు పడింది. పాత పెట్టెలో ఈ సంగతి వచ్చేదే కాదు. ఈ ఒక్క మార్పుకే నేను మంచి మార్కులు వేస్తాను.

రుసుము విషయంలోనూ మెరుగుదల ఉంది. తక్కువ ఆదాయపు కుటుంబాల పిల్లలకు బడిలో పెట్టే ప్రభుత్వ ఉచిత భోజనానికి అర్హులైన విద్యార్థులకు 2025 ప్రవేశాల నుంచి దరఖాస్తు రుసుము మాఫీ చేశారు. ఆ ఏడాది అది 28.50 పౌండ్లు.

అసలు లోటు కాంటెక్స్చువల్ ఆఫర్ల దగ్గర ఉంది. వెనుకబడిన పరిస్థితుల్లో చదివినవారికి కొంత తక్కువ గ్రేడ్లతో సీటు ఇస్తామనే హామీ అది. బ్రిస్టల్ యూనివర్సిటీ రెండు గ్రేడ్ల వరకు తగ్గిస్తుంది. అయితే ఎవరు అర్హులన్నది ఏ యూనివర్సిటీకి ఆ యూనివర్సిటీయే తేలుస్తుంది. ఒకచోట పోస్ట్‌కోడ్ చూస్తారు, మరోచోట పాఠశాల ఫలితాలు, ఇంకోచోట ప్రభుత్వ సంరక్షణలో పెరిగారా అన్నది. పేదరికాన్ని పోస్ట్‌కోడ్‌తో కొలిస్తే, సంపన్నుల వీధి చివర అద్దె గదిలో ఉండే కుటుంబం లెక్కకే రాదు. ప్రాంతాన్నే కొలబద్దగా పెట్టుకున్న స్కాట్లాండ్ లక్ష్యం మీద, అంటే 2030 నాటికి కొత్త విద్యార్థుల్లో 20 శాతం మంది అత్యంత వెనుకబడిన 20 శాతం ప్రాంతాల నుంచి రావాలన్నదాని మీద, వినిపించే విమర్శ కూడా ఇదే. ఐదు కోర్సులు ఎంచుకున్న విద్యార్థి ఐదు వెబ్‌సైట్లలో ఐదు రకాల నిబంధనలు వెతుక్కోవాలి. తీరిక, తోడు ఉన్నవారికే ఇది సాధ్యం. ఈ రాయితీ మాత్రం అవి లేనివారి కోసం పెట్టినది.

మరో చిక్కు, దరఖాస్తుతో పాటు విద్యార్థి గురించి ఉపాధ్యాయులు రాసే పరిచయ లేఖ, అంటే రిఫరెన్స్. 2024 ప్రవేశాల నుంచి దానిలో విద్యార్థి ఇబ్బందులు తెలిపేందుకు ప్రత్యేక భాగం ఉంది, కానీ ఆ రాత విద్యార్థికి తన దరఖాస్తు తెరపై కనబడదు. ఏడాదిలో రెండుసార్లు ఇల్లు మారవలసి వచ్చిన ఒక కుర్రవాడి విషయంలో పాఠశాల ఆ భాగాన్ని ఖాళీగా వదిలేసిందని, దరఖాస్తు వెళ్లిపోయాక గానీ మాకు తెలియలేదు. అప్పటి నుంచి నా దగ్గరికి వచ్చిన ప్రతివారితోనూ, మూడు ప్రశ్నల కంటే ముందే, తమ ఇంటి పరిస్థితిని అరపేజీలో రాయించి సెప్టెంబరులోనే టీచర్ చేతికి ఇప్పిస్తున్నాను.