జూన్ లేక్ వైపా, మామత్ వైపా? సియెర్రా సరస్సుల్లో ట్రౌట్ వేట

కాలిఫోర్నియాలో, శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల బే ఏరియాలో ఉండే మనవాళ్ళకి ఎండాకాలం సెలవులంటే టాహో సరస్సు, లేకపోతే యోసెమిటీ వ్యాలీ. ఆ యోసెమిటీని దాటి, టయోగా పాస్ అనే కనుమ మీదుగా సియెర్రా నెవాడా కొండల అవతలికి దిగితే 395 హైవే తగులుతుంది. దాని పొడవునా సరస్సులు, వాటిలో ట్రౌట్ చేపలు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని, పిల్లల్ని వేసుకుని ఈసారి అటే వెళ్ళాం.

టయోగా పాస్ 9,943 అడుగుల ఎత్తు. చలికాలమంతా మంచుతో మూసే ఉంటుంది. మామూలుగా మే ఆఖరుకో జూన్‌లోనో తెరుస్తారు కానీ, 2023లో జులై 22 దాకా తెరవలేదు. కాబట్టి క్యాంపు బుక్ చేసేముందు రోడ్డు సంగతి చూసుకోండి. పెట్రోలు ఓక్‌డేల్‌లోనే నింపుకుంటే మంచిది, కొండ దిగాక లీ వైనింగ్‌లో రేటు చూస్తే కళ్ళు తిరుగుతాయి. ఆ ఊళ్ళో పెట్రోల్ బంకులోనే వో నెల్లీ డెలీ అని హోటలుంది. అక్కడి ఫిష్ టాకోలు బాగుంటాయి. ఎదురుగా కనిపించే మోనో లేక్‌లో మాత్రం గాలం వేయకండి. అది సముద్రం కంటే ఉప్పన, అందులో చిన్న రొయ్యలు తప్ప చేప బతకదు.

సూటిగా చెప్పాలంటే, పిల్లలూ పెద్దవాళ్ళూ ఉన్నప్పుడు జూన్ లేక్ లూప్‌కే నా ఓటు. 158 రోడ్డు మీద జూన్, గల్, సిల్వర్, గ్రాంట్ అని నాలుగు సరస్సులు వరసగా వస్తాయి. ఓ రిడ్జ్ క్యాంప్‌గ్రౌండ్‌లో టెంట్ వేస్తే జూన్ లేక్ ఇసుక ఒడ్డు నడిచే దూరమే, పిల్లలు నీళ్ళలోంచి బయటికి రారు. కాకపోతే అక్కడ నీడ తక్కువ, మధ్యాహ్నం దాటితే గాలి విసిరికొడుతుంది. సిల్వర్ లేక్ దగ్గర గాలి ఉన్నా, ఆస్పెన్ చెట్ల కింద కూర్చుంటే లేవబుద్ధి కాదు. అద్దెకి పడవలు, ఎర అమ్మే కొట్టు, పొద్దున్నే వేడి టిఫిను, అన్నీ పక్కపక్కనే. అమ్మకి నచ్చింది ఇదే.

ఇంకా దక్షిణాన ఉన్న మామత్ లేక్స్ ఊరి దగ్గర, లేక్ మేరీ వైపు అందం ఎక్కువే, కాదనను. కానీ దాదాపు 9,000 అడుగుల ఎత్తు. మొదటి రాత్రి నాన్నకి తలనొప్పి, ఆయాసం. మాకేమో టెన్షన్. అక్కడే హార్స్‌షూ లేక్ పక్కన ఎకరాల కొద్దీ చెట్లు మోడులై నిలబడి ఉంటాయి. భూమిలోంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్ వేళ్ళని చంపేసిందట, 1990 ప్రాంతంలో మొదలైంది. పెద్దవాళ్ళని కాస్త నడిపిద్దామనుకుంటే అక్కడికి దగ్గర్లోని కాన్విక్ట్ (ఖైదీ) లేక్ మేలు. 1871లో జైలు నుంచి పారిపోయిన ఖైదీలు ఇక్కడ దాక్కున్నారు, పేరు అలా వచ్చింది.

అమ్మానాన్నలకి ఒక రాత్రి క్యాబిన్ తీసుకున్నాం. వేడినీళ్ళు రాలేదు, అడిగితే "ఇదిగో పంపిస్తున్నాం" అన్నారు, ఎవరూ రాలేదు. ఆ డబ్బుకి టెంటే హాయి. ఫారెస్ట్ సర్వీస్ క్యాంపులు ఆరు నెలల ముందే ఆన్‌లైన్‌లో పెడతారు, శని ఆదివారాలైతే పొద్దున్న 7కి కంప్యూటర్ ముందు కూర్చోవాల్సిందే.

ఇక వేట. 16 ఏళ్ళు నిండిన ప్రతివాళ్ళకీ కాలిఫోర్నియా ఫిషింగ్ లైసెన్సు ఉండాలి. సరదాగా గాలం పట్టుకునే తాతగారికి కూడా. ఒక్కరోజు లైసెన్సు దొరుకుతుంది, మేం నాన్నకి అదే తీసుకున్నాం. మనిషికి రోజుకి ఐదు ట్రౌట్ పట్టుకోవచ్చు.

నిజానికి ఈ ఎత్తు సరస్సుల్లో చాలావాటిలో 19వ శతాబ్దం దాకా చేపలే లేవు. అన్నీ తెచ్చి వదిలినవే. వీటివల్ల పసుపు కాళ్ళ కప్పలు అంతరించిపోతున్నాయని ఇప్పుడు కొన్ని సరస్సుల్లోంచి వలలేసి మరీ ట్రౌట్‌ని తీసేస్తున్నారు. రోడ్డు పక్క సరస్సుల్లో మాత్రం హ్యాచరీల్లో (చేపల్ని పెంచే కేంద్రాల్లో) పెంచిన చేపల్ని వదులుతూనే ఉంటారు, అందుకే మనలాంటివాళ్ళకీ పడతాయి.

ముద్దలా ఉండే పవర్‌బెయిట్ అనే ఎర నీళ్ళలో పైకి తేలుతుంది. సీసం గుండు అడుక్కి దిగితే, దానికి మూరెడు దూరంలో ఎర అడుగు మీంచి లేచి నిలబడాలి. లావు దారం కడితే చేప దగ్గరికి రాదు. పొద్దు పొడిచే వేళ, మళ్ళీ పొద్దు గూకేటప్పుడు పడతాయి, మిట్టమధ్యాహ్నం కూర్చోవడం దండగ.

ట్రౌట్‌కి పొలుసు తీసే పనిలేదు. పొట్ట చీల్చి పేగులు లాగాక, వెన్నెముక వెంట నల్లగా గడ్డకట్టిన రక్తంలా కనిపించేదాన్ని (అది చేప మూత్రపిండం) బొటనవేలి గోరుతో గీకెయ్యాలి. అది మిగిలితే చేదు. ఉప్పు, పసుపు, కారం, అల్లంవెల్లుల్లి పట్టించి పెనం మీద వేయించాం. "కొర్రమీను ముందు ఇది దిగదుడుపేరా" అంటూనే నాన్న ముళ్ళు తప్ప ఏమీ మిగల్చలేదు.

పప్పు సంగతి వేరే చెప్పాలి. 9,000 అడుగుల ఎత్తులో నీళ్ళు దాదాపు 91 డిగ్రీలకే మరిగిపోతాయి, గిన్నెలో కందిపప్పు ఓ పట్టాన ఉడకదు. చిన్న ప్రెషర్ కుక్కర్ తప్పకుండా పట్టుకెళ్ళండి. పక్క టెంట్ వాళ్ళు విజిల్ వినగానే ఉలిక్కిపడి వచ్చి చూశారు, తర్వాత పప్పన్నం తిని వెళ్ళారు.

ఎలుగుబంట్ల కోసం ప్రతి సైటుకీ ఇనప పెట్టె ఉంటుంది. తిండే కాదు, టూత్‌పేస్టు, సబ్బు కూడా అందులోనే పెట్టాలి. మా ఆవకాయ సీసా రెండు కవర్లలో చుట్టి లోపల పెట్టినా మూత తీసినప్పుడల్లా గుప్పుమనేది.

జులై మొదట్లో దోమలు విపరీతం. ఆగస్టులో దోమలు తగ్గుతాయి కానీ అడవులు తగలబడితే పొగ కమ్మేస్తుంది, కట్టెల మంట మీద నిషేధం కూడా పెట్టొచ్చు. గ్యాస్ స్టవ్ ఉంచుకోండి, బయల్దేరే ముందు రోజు గాలి నాణ్యత ఒకసారి చూసుకోండి.