కీమో నీరసానికి ఏది మేలు: మంచమా, నడకా, టానిక్కా?

"కీమో ఎక్కించుకుని వచ్చావు, మంచం దిగకు" అని ఇంట్లో అందరూ చెబుతారు. ఆ మాట రెండు మూడు రోజులకే పనికొస్తుంది. ఆ రోజులు కూడా వాళ్లు అనుకునేవి కావు.

రొమ్ము క్యాన్సర్‌కు ఇచ్చే ఏసీ కీమో (ఆడ్రియామైసిన్, సైక్లోఫాస్ఫమైడ్ అనే రెండు మందులు) 21 రోజులకోసారి అనుకుందాం. మందు ఎక్కిన రోజు, మర్నాడు చాలామంది హుషారుగానే తిరుగుతారు. వాంతులు రాకుండా ఇచ్చే డెక్సామెథసోన్ మహిమ అది. ఆ స్టెరాయిడ్ ఆగాక, సుమారు మూడో రోజు నుంచి ఐదో రోజు దాకా ఒళ్లు కూలబడుతుంది. హుషారు చూసుకుని అల్మారాలు సర్దడం మొదలుపెట్టకండి. కూలబడ్డ రోజుల్లో మంచమే మేలు. అప్పుడూ పగటి నిద్ర 20-30 నిమిషాలు, మధ్యాహ్నం మూడు లోపు. అంతకు మించితే రాత్రి కునుకు పట్టదు.

ఆ తర్వాత నడకదే పైచేయి. పడుకునే ఉంటే తొడ కండరాలు సన్నబడతాయి, నాలుగు మెట్లకే ఆయాసం వస్తుంది, ఆ ఆయాసానికి మళ్లీ పడుకుంటారు. 2017లో 113 అధ్యయనాలను కలిపి చూసినప్పుడు క్యాన్సర్ అలసటకు మందుల కంటే వ్యాయామం, కౌన్సెలింగే బాగా పనిచేశాయి.

మొదట పూటకు ఐదు నిమిషాలు, రెండు పూటలు. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి: వేగానికి అదే కొలత. మెల్లగా వారానికి మూడు రోజులు, 30 నిమిషాల చొప్పున నడిచేలా పెంచుకోవాలి. దానికి తోడు వారానికి రెండు రోజులు కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోవాలి. కీమో తర్వాత తెల్ల రక్తకణాలు తగ్గే 7-14 రోజుల మధ్య పార్కు గుంపులోకి వెళ్లకుండా డాబా మీదే నడవడం మంచిది. వారం వారం ఎక్కించే పాక్లిటాక్సెల్ అనే మరో కీమో మందుతో తేరుకునే వ్యవధి తక్కువ, అలసట పోగుపడుతుంది. "బాగున్న రోజు నడుద్దాం" అని కూర్చుంటే ఆ రోజు రాదు. కొంచెమైనా రోజూ నడవాలి.

జ్వరం 100.4 డిగ్రీలు తాకితే నడక సంగతి పక్కనపెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. కూర్చున్నా ఆయాసం, పాదాల వాపు ఉంటే దాన్ని నీరసం ఖాతాలో వేయకండి. ఏసీలోని ఆడ్రియామైసిన్ గుండెను దెబ్బతీయగలదు. ఎముకలకు పాకిన జబ్బు ఉంటే బరువులెత్తే ముందు డాక్టరును అడగాలి.

ఇక టానిక్కులు. కీమోలో రక్తం తగ్గేది ఎక్కువగా రక్తం తయారుచేసే ఎముక మజ్జ అణగడం వల్ల. ఇనుము నిల్వలు సరిపడా ఉంటే ఐరన్ మాత్రలు మలబద్ధకం తప్ప ఏమీ ఇవ్వవు. ముందు ఇనుము నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ పరీక్ష, తర్వాతే మాత్ర. బీట్‌రూట్ రసం తాగితే తాగండి, హిమోగ్లోబిన్ మాత్రం దానిమీద వదిలేయకండి. అది 7-8కి పడిపోతే రక్తం ఎక్కించాలా అన్నది డాక్టరు తేలుస్తారు. నీరసానికి కారణమయ్యే థైరాయిడ్, బి12 లోపం, దిగులు కూడా చూపించుకోవాల్సినవే. అశ్వగంధ లాంటివి డాక్టరుకు చెప్పకుండా వాడొద్దు.

రోజూ పడుకునే ముందు అలసటకు 0 నుంచి 10 దాకా ఒక అంకె క్యాలెండర్‌లో రాయండి. 4 గానీ అంతకు మించి గానీ ఉన్న రోజులు కనిపిస్తే తర్వాతి కీమోకు వెళ్లేటప్పుడు ఆ కాగితమే చూపించండి. "నీరసంగా ఉంది" అంటే తలూపి వదిలేసేవాళ్లు కూడా అంకెలు చూస్తే ఆగి అడుగుతారు.