పీజీకి చెయ్యి తిరిగిందని దేన్ని చూసి చెప్పాలి: లాగ్‌బుక్కా, మార్కుల షీటా?

మూడో సంవత్సరం ఎమ్మెస్ పీజీ ఒకతను లాగ్‌బుక్, అంటే పాల్గొన్న ఆపరేషన్లన్నీ రాసుకునే పుస్తకం, తెచ్చి సంతకం పెట్టమన్నాడు. 40 హెర్నియాలు. కొన్నింటికి ఎదురుగా ‘అసిస్ట్ చేశాను’, కొన్నింటికి ‘స్వయంగా చేశాను’ అని ఉంది. మొదటిదానికీ నలభయ్యోదానికీ మధ్య అతని చేతిలో ఏం మార్పు వచ్చిందో మాత్రం ఎక్కడా లేదు. హైదరాబాద్‌లో పీజీలకు సర్జరీ నేర్పుతున్న నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే.

లాగ్‌బుక్ వద్దనడం లేదు. జాతీయ వైద్య కమిషన్ నిబంధనల ప్రకారం అది ఉండాల్సిందే. ఎవరికి కేసులు దొరుకుతున్నాయో, ఎవరు వార్డు పనితోనే సరిపెట్టుకుంటున్నారో బయటపడేది దాంట్లోనే. కానీ అది లెక్క మాత్రమే. నేను పీజీ చేసిన చోట పరీక్ష ముందు రాత్రి కూర్చుని గుర్తున్నవి గుర్తున్నట్టు నింపేవాళ్లం, అడిగినవాళ్లు లేరు.

మార్కుల షీటు సంగతి వేరు. 1990లలో టొరంటోలో రిచర్డ్ రెజ్నిక్ బృందం ఆపరేషన్ చేసే చేతిని చూసి మార్కులు వేసే ‘ఓశాట్స్’ అనే పద్ధతి తయారుచేసింది. అందులోని షీటులో ఏడు అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు. కణజాలాన్ని నలగకుండా పట్టుకుంటున్నారా, చేతులు వృథాగా కదులుతున్నాయా, తర్వాత ఏం చేయాలో ముందే తెలుసా, ఎదురుగా ఉన్న అసిస్టెంట్‌ను సరిగ్గా వాడుకుంటున్నారా, ఇలా ఉంటాయి.

మొన్న మా రెండో సంవత్సరం అమ్మాయి హెర్నియాకు మెష్ (బలం కోసం పెట్టే వల) కుడుతోంది. నీడిల్ హోల్డర్‌తో సూదిని మొనకు మరీ దగ్గరగా పట్టుకుంది. మొన నుంచి మూడింట రెండు వంతుల దూరంలో పట్టుకుని మణికట్టు తిప్పితే సూది తన వంపులోనే బయటికొస్తుంది. ఆమె ముందుకు తోస్తోంది. ప్రతి కుట్టుకూ రెండుసార్లు సర్దుకుంటోంది. కదలికలకు 2 వేశాను. నరాన్ని మాత్రం నేను చెప్పకముందే గుర్తుపట్టి జాగ్రత్తగా తప్పించింది, అక్కడ 4. బట్టలు మార్చుకోగానే షీటు ముందు పెట్టుకుని మాట్లాడుకున్నాం. “సూది ఇలా పట్టుకోకూడదని ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు సార్” అంది. లాగ్‌బుక్‌లో అయితే ఇదంతా ఒక గీత.

షీటుకు పెద్ద శత్రువు మన మొహమాటం. అందరికీ 4 వేసేస్తే లాగ్‌బుక్‌కీ దానికీ తేడా ఏముంది? అందుకే ఒకరి మార్కు, ఒక కేసు చాలవు. ఇద్దరు సీనియర్లు, వేర్వేరు కేసుల్లో చూడాలి. పాస్, ఫెయిల్ టెన్షన్ కూడా దాన్లోకి తేకూడదు.

ల్యాప్రోస్కోపీ (చిన్న రంధ్రాల ద్వారా కెమెరాతో చేసే ఆపరేషన్) సాధన చేసే డబ్బా, బాక్స్ ట్రైనర్, మొదటి సంవత్సరానికి బాగుంటుంది. రింగులు మార్చడానికి, ముడి వేయడానికి ఎంతసేపు పట్టిందో గడియారమే చెబుతుంది. అయితే ఆ డబ్బాలో రక్తం కారదు, కంగారు ఉండదు.

చేతిని చూసి మార్కు వేయడం మన అభిప్రాయమే కదా అనేవాళ్లకు ఒక మాట. 2013లో అమెరికాలోని మిచిగన్‌లో 20 మంది బేరియాట్రిక్ (బరువు తగ్గించే ఆపరేషన్లు చేసే) సర్జన్ల ఆపరేషన్ వీడియోలకు తోటి సర్జన్లు, పేర్లు తెలియకుండా, మార్కులు వేశారు. తక్కువ మార్కులు వచ్చినవాళ్ల రోగులకే కాంప్లికేషన్లు ఎక్కువ. అంటే తెలిసిన కన్ను చూసి వేసే మార్కుకు విలువ ఉంది.

అందుకే ఒక్కటే ఎంచుకోమంటే నేను షీటే అంటాను. లాగ్‌బుక్‌లో ప్రతి కేసు పక్కన దాన్ని అంటిస్తే ఇంకా మేలు. ఆ 40 హెర్నియాల అబ్బాయికి సంతకం పెట్టాను. నలభై ఒకటోది గురువారం లిస్టులో ఉంది. ఎదురుగా నేనే అసిస్ట్ చేస్తానని చెప్పాను.