హాలోపెరిడాల్, క్లోజపిన్: తమ్ముడి రెప్పల్లో కనిపించిన తేడా

మాది హన్మకొండ. మందులు మొదలుకాకముందు తమ్ముడు టపటపా రెప్పలు కొడుతుంటే కంట్ల నలుసు పడ్డదనుకున్నం. మనిషి మామూలుగా నిమిషానికి 15–20 సార్లు రెప్ప వేస్తడు. తమ్ముడికున్నది స్కిజోఫ్రెనియా, అంటే లేని మాటలు వినిపించే మానసిక జబ్బు. దాంట్ల, మందు లేనప్పుడు, రెప్ప వేసుడు తరచూ పెరుగుతది. మెదడులో ఉండే డోపమైన్ అనే రసాయనం జోరుతో దీనికి సంబంధం ఉందంటరు.

ఈ జబ్బుకిచ్చే హాలోపెరిడాల్ మందు చవక. చెవిలో మాటలు తగ్గినయ్. కానీ అది డోపమైన్‌ను గట్టిగ అడ్డుకుంటది, రెప్ప కూడా మందగించింది. అమ్మ సర్వపిండి ముక్క తుంచి పిలిస్తే, చెయ్యి ఊపకుండ నడిచొచ్చి, రెప్ప ఆర్పకుండ చూస్తూ నిలబడేటోడు. "ఏందిరా గట్ల చూస్తున్నవ్?" అనేది. కోపమొచ్చిందనుకునేది, పాపం.

క్లోజపిన్ దాకా మామూలుగా రెండు మందులు పనిచేయకపోతేనే వస్తరు. దీంతో బిగుసుకుపోవుడు చాలా తక్కువ. బదులుగ నిద్ర, బరువు, దిండు తడిసేంత చొంగ. తెల్ల రక్తకణాలు ప్రమాదకరంగా పడిపోవచ్చు కాబట్టి మొదటి 18 వారాలు వారం వారం రక్తపరీక్ష. ఊర్లనుంచి వచ్చేటోళ్లకు ప్రతిసారీ బస్సు ఖర్చు, ఒకరోజు కూలి పోతది. అయినా మావోనికి ఇదే నయమనిపించింది.

రెప్పలు లెక్కపెట్టి మాత్ర మీరే మార్చకండి. నేను లెక్కపెట్టినప్పుడు వాడు క్రికెట్ చూస్తుండె, అప్పుడు ఎవరికైనా రెప్పలు తగ్గుతయ్.