మూన్ కార్డు చూపించి భయపెట్టే టారో రీడింగులతో జాగ్రత్త: నాకు 13,599 రూపాయలు పోయాయి

ముందే చెప్తున్నా, టారోని, అంటే బొమ్మల కార్డులు తీసి జోస్యం చెప్పడాన్ని, తిట్టడానికి ఇది రాయట్లేదు. నమ్మేవాళ్లు నమ్మండి, సరదాకి చూసుకునేవాళ్లు చూసుకోండి. కానీ ఎవరైనా మీ ముందు మూన్ కార్డు పెట్టి "మీ ఇంట్లోనే శత్రువు ఉంది" అని మొదలుపెడితే ఆ కాల్ అక్కడే కట్ చేసేయండి. నేను చేయలేదు.

మార్చిలో ఒక కంపెనీలో నా ఇంటర్వ్యూలన్నీ అయిపోయాయి, ఆఫర్ లెటర్ మాత్రం రాలేదు. మూడు వారాలు చూశా. మెయిల్ పెడితే "ప్రాసెస్‌లో ఉంది" అని ఒక్క ముక్క. నిద్ర పట్టక అర్ధరాత్రి ఫోన్ చూస్తుంటే ఒక టారో రీడర్ రీల్ ఎదురైంది. చక్కటి తెలుగు, మెత్తటి గొంతు, వెనకాల దీపాలు. మూడు కార్డుల రీడింగ్ 499. ఒక పిజ్జా ఖర్చు కదా అనుకుని కట్టేశా.

వీడియో కాల్‌లో ఆవిడ మొహం కనపడదు. నల్ల గుడ్డ పరిచిన టేబులు, రెండు చేతులు, అంతే. కార్డులు కలపడం కెమెరాకి అందకుండా పక్కన ఎక్కడో జరిగింది. అప్పుడు నాకది తట్టలేదు. మొదటి రెండు కార్డులు గబగబా చెప్పేసింది, అవేమిటో కూడా నాకిప్పుడు గుర్తులేదు. మూడోది తిప్పి, కాసేపు ఏమీ మాట్లాడకుండా ఊరుకుని, "అయ్యో" అంది. నా డబ్బంతా ఆ ఒక్క "అయ్యో"కే పోయింది.

కార్డు చూడనివాళ్ల కోసం చెప్తా. పైన మొహం ఉన్న చంద్రుడు, రెప్పలు వాల్చి కిందికి చూస్తుంటాడు. కింద ఒక మడుగు. అందులోంచి రొయ్యకీ పీతకీ మధ్యరకంగా ఉన్న జీవి ఒకటి డెక్కలు చాపుకుని ఒడ్డెక్కుతుంటుంది. ఒడ్డున ఒక పక్క కుక్క, ఇంకో పక్క తోడేలు, మోరలు పైకెత్తి ఉంటాయి. రెండిటి మధ్య నుంచి సన్నటి దారి, దూరంగా ఉన్న రెండు బురుజుల మధ్యకి పోతుంది. ఆవిడ ఎర్ర రంగు వేసిన గోరుతో తోడేలు మీద టక్ టక్ మని కొట్టి, "ఇది మీ ఇంటి మనిషే మేడమ్. ఆడమనిషి. మీ పక్కన కూర్చుని తింటుంది, మీ మీదే ఏడుస్తుంది" అంది. డెక్కల జీవిని చూపించి, "ఇది కర్కాటకం. మీకు చంద్రదోషం ఉంది, ఆ దారిలోనే ఆవిడ మీ పని ఆపుతోంది" అంది. ఆ తర్వాత మెల్లగా, "తోటికోడలు ఉన్నారా?"

ఉందన్నాను.

చూడండి, ఆ మాట అన్నది నేను. పెళ్లయిన తెలుగింటి ఆడదానికి అత్తో, ఆడపడుచో, తోటికోడలో ఎవరో ఒకరు లేకుండా ఎలా ఉంటారు? ఏ పేరు చెప్పినా ఆవిడకి పని జరిగేదే. కానీ అర్ధరాత్రి పూట, మూడు వారాల దిగులుతో ఉన్నప్పుడు ఈ తెలివి రాదు.

అక్కడి నుంచి మెట్లు మెట్లుగా సాగింది. చంద్రదోషానికి మూన్‌స్టోన్ బ్రేస్‌లెట్ 2,100. ఆ తర్వాత "పౌర్ణమి లోపు చేయకపోతే దోషం ముదురుతుంది" అని ఏదో శుద్ధి కార్యక్రమం, 11,000. నేను వెళ్లక్కర్లేదట, పేరు, గోత్రం పంపితే చాలట. పౌర్ణమి అయ్యాక ఒక వాయిస్ మెసేజ్: "ఆవిడ చాలా గట్టిగా కట్టించింది మేడమ్, ఇంకో 21,000 అవుతుంది." అక్కడ ఆగాను. తెలివొచ్చి కాదు, నా అకౌంట్లో అంత లేదు. మూడుసార్లు కట్టిన డబ్బూ మూడు వేరే వేరే పేర్ల మీద ఉన్న యూపీఐ ఐడీలకి వెళ్లింది. అది కూడా తర్వాత చూసుకున్నా.

డబ్బు సంగతి పక్కన పెట్టండి. ఆ నెల రోజుల్లో నేను ఇంట్లో ఎలా ఉన్నానో చెప్పాలి. మా తోటికోడల్ని నేను అక్కా అని పిలుస్తాను. పెళ్లయి వచ్చిన కొత్తలో ఈ ఇంట్లో నాతో ముందు మాట కలిపింది ఆవిడే. ఆ వారం గోంగూర పచ్చడి చేసి సీసాడు తెచ్చింది. మూత తీసి వాసన చూశాను, మళ్లీ మూత పెట్టేశాను. రెండు రోజులు ఫ్రిజ్ మూల పెట్టి, మూడోరోజు మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌కి ఇచ్చేశాను. తర్వాత ఫోన్‌లో "ఉప్పు సరిపోయిందా?" అని అడిగితే "సరిపోయిందక్కా" అన్నాను.

ఆఫర్ లెటర్ ఏప్రిల్ రెండో వారంలో వచ్చింది. పాత కంపెనీ నుంచి ఉద్యోగ ధ్రువీకరణ ఆలస్యమైంది, అందుకే ఆగిందని హెచ్‌ఆర్ అమ్మాయి మామూలుగా చెప్పింది. తోడేలూ లేదు, కర్కాటకమూ లేదు. సిగ్గేసింది. ఆ సిగ్గుతోనే అసలు ఆ కార్డు ఏమిటో చదవడం మొదలుపెట్టా.

ఆ రీడర్ టారోని "5,000 ఏళ్ల ఈజిప్టు పూజారుల విద్య" అని చెప్పింది. టారో మొదలైంది 15వ శతాబ్దంలో ఉత్తర ఇటలీలో, పేకాటగా. ఈజిప్టు కథని 1781లో కూర్ ద జెబ్లాఁ అనే ఫ్రెంచాయన ప్రచారంలోకి తెచ్చాడు. ఈజిప్టు చిత్రలిపిని షాంపోలియాఁ 1822లో ఛేదించేదాకా దాన్ని చదవడం ఎవరికీ చేతకాలేదు. అంటే ఆ లిపి చదవడం రాకముందే కట్టిన కథ అది.

ఆ పాత ఇటలీ కార్డుల్లో, మిలాన్ ప్రభువుల కోసం వేసిన విస్కోంటి స్ఫోర్జా పేకలో, మూన్ కార్డు మీద చేత్తో నెలవంక పట్టుకున్న ఒక స్త్రీ ఉంటుంది. కుక్క లేదు, తోడేలు లేదు, మడుగు లేదు. తర్వాత వచ్చిన మార్సెయ్ పేకలో రెండు జంతువులొచ్చాయి, రెండూ కుక్కలే. నాకు చూపించింది 1909లో లండన్‌లో వచ్చిన రైడర్ వెయిట్ స్మిత్ పేక. ఇప్పుడు ఎక్కడ చూసినా ఎక్కువగా కనపడేది అదే. ఆర్థర్ వెయిట్ అనే రచయిత ఎలా ఉండాలో చెప్పాడు, పమేలా కోల్మన్ స్మిత్ అనే ఆవిడ బొమ్మలు గీసింది. ఇంత పని చేస్తే చాలా కొద్ది డబ్బు ముట్టిందని ఆవిడ ఒక ఉత్తరంలో రాసుకుంది, పాపం. ఆ బొమ్మల మీద ఇప్పుడు ఎంతమంది బతుకుతున్నారో.

నిజాయితీగా చెప్పాలంటే, టారో మీద వెయిట్ రాసిన పుస్తకంలో ఈ కార్డుకి ఇచ్చిన అర్థాల్లో "దాగిన శత్రువులు" అనే మాట ఉంది. ప్రమాదం, అపనింద, చీకటి, మోసం, పొరపాటు కూడా ఉన్నాయి. కాబట్టి ఆ రీడర్ లేనిది ఉన్నట్టు చెప్పలేదు, ఉన్నదాంట్లోంచి తనకి పనికొచ్చిన ముక్క విరుచుకుంది. ఎందుకంటే అదే పుస్తకంలో ఆ కుక్కా తోడేలూ ఎవరో కూడా రాసి ఉంది: అవి మన మనసులోని భయాలు. సొంత వెలుగు లేక, అరువు వెలుగులో దారి వెతుక్కునేటప్పుడు పుట్టే భయాలు. మడుగులోంచి పైకొచ్చేది కూడా బయటి మనిషి కాదు, మనలోపలే అడుగున పడి ఉన్నది. మన పెద్దవాళ్లు చెప్పే తాడూ పామూ కథ గుర్తుందా? మసక వెలుతురులో తాడుని చూసి పామనుకుని కేకలు పెట్టడం. ఈ కార్డు నాకు అదే బొమ్మలా కనిపిస్తోంది. ఫ్రెంచివాళ్లు మునిమాపు వేళని "కుక్కకీ తోడేలుకీ మధ్య" అంటారు, ఏది ఏదో పోల్చుకోలేని వేళ అని. అలాంటి బొమ్మ చూపించి "ఇదిగో పాము, దాని పేరు మీ తోటికోడలు" అంది ఆవిడ.

ఇక కర్కాటకం సంగతి. ఆ జీవికీ కర్కాటక రాశికీ బొమ్మ పోలిక ఉన్న మాట నిజమే. పాత యూరప్ చిత్రాల్లో కర్కాటకాన్ని చాలాచోట్ల ఇలాగే రొయ్యలాగే వేసేవాళ్లు. కానీ ఈ పేక వెనకున్న గోల్డెన్ డాన్ అనే ఇంగ్లండు రహస్య సంఘం వాళ్ల పద్ధతిలో మూన్ కార్డుకి ఇచ్చిన రాశి మీనం. చంద్రుడికి ఇచ్చిన కార్డు వేరే, హై ప్రీస్టెస్. మన జ్యోతిషంలో చంద్రదోషం చెప్పాలంటే జాతకం కావాలి, నా పుట్టిన టైము కావాలి. ఆవిడ అడగనేలేదు. రెండు శాస్త్రాల్ని కలిపి పులుసు పెట్టి వడ్డిస్తే నేను తిన్నా.

ఇదే రీడర్ దగ్గర చూపించుకున్న ఇంకో ఇద్దరు నాకు తెలిసినవాళ్ల ద్వారా దొరికారు. ముగ్గురికీ వచ్చిన కార్డు ఒకటే! 78 కార్డుల్లోంచి మూడు తీస్తే వాటిలో మూన్ ఉండే అవకాశం 26లో ఒకటి. ముగ్గురికి ముగ్గురికీ రావాలంటే 17,576లో ఒకటి. కలపడం ఫ్రేమ్ బయట ఎందుకు జరుగుతోందో అప్పుడు అర్థమైంది. ఆ ఇద్దరిలో ఒకామెకి కార్డు తలకిందులుగా వచ్చిందట. "తిరగబడితే రెట్టింపు ప్రమాదం" అని ఆమె దగ్గర ఎక్కువే గుంజారు. వెయిట్ రాసింది సరిగ్గా దానికి వ్యతిరేకం, తిరగబడితే మోసం, పొరపాటు తక్కువ స్థాయిలో ఉన్నట్టు.

బ్రేస్‌లెట్ ఏమైందంటారా? హైదరాబాద్ పత్తర్‌గట్టిలో ముత్యాల వ్యాపారం చేసే మా చిన్నాన్న స్నేహితుడి దగ్గరికి తీసుకెళ్లా. ఆయన దాన్ని ముందు నల్ల గుడ్డ మీద పెట్టాడు, పాలలో నీలం కలిపినట్టు మెరిసింది. తర్వాత వేళ్లతో ఎత్తి ట్యూబ్‌లైటుకి అడ్డం పట్టాడు, పూసలన్నీ లేత నారింజ రంగుకి తిరిగాయి. లెన్స్ కంటికి పెట్టుకుని చూసి, నాకూ ఇచ్చాడు. పూస లోపల గుండ్రటి గాలి బుడగ, సోడాలో ఉన్నట్టు. "ఇది రాయి కాదమ్మా, గాజు. ఒపలైట్ అంటారు" అన్నాడు. అసలు మూన్‌స్టోన్‌ని అటూ ఇటూ వంచితే వెలుగు లోపల తేలుతూ కదులుతుందట, కొన్నిట్లో జెర్రి కాళ్లలాంటి సన్న పగుళ్లు కూడా కనిపిస్తాయట. దీంట్లో అవేమీ లేవు. దాని అసలు ధర కూడా చెప్పాడు, ఆ అంకె నేనిక్కడ రాయను.

మీలో ఎవరైనా ఇప్పుడు ఇలాంటి దాంట్లో ఉంటే, వెంటనే 1930కి ఫోన్ చేయండి, అది సైబర్ మోసాల హెల్ప్‌లైన్. డబ్బు అవతలి అకౌంట్లోంచి తీసేసేలోపే ఫిర్యాదు అందితే ఆపగలిగే వీలుంటుంది. నేను 20 రోజులు సిగ్గుతో కూర్చుని అప్పుడు చేశా, ఇప్పటిదాకా ఒక్క రూపాయి వెనక్కి రాలేదు. నకిలీ రాయి లాంటి వస్తువు అంటగడితే 1915, వినియోగదారుల హెల్ప్‌లైన్. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు కేసుకి ఫీజు కూడా లేదు, ఆన్‌లైన్‌లోనే వేయొచ్చు. చాట్ డిలీట్ చేయకండి, వాయిస్ మెసేజ్‌లు దాచుకోండి. నేను కోపంలో సగం డిలీట్ చేసేశా, ఇప్పుడు ఆధారాలు అడుగుతుంటే నీళ్లు నములుతున్నా.

టారో చూపించుకోవాలనే ఉంటే కార్డులు మీ కళ్లముందు కలపమనండి. మీకు వచ్చిన కార్డు పేరు రాసుకుని ఇంటికొచ్చి చదువుకోండి, వెయిట్ పుస్తకం ఆన్‌లైన్‌లో ఉచితంగానే దొరుకుతుంది. బొమ్మలోని జంతువుకి మీ ఇంటి మనిషి పేరు పెట్టారంటే మాత్రం ఇంకేమీ వినక్కర్లేదు, లేచి వచ్చేయండి.

నిన్న అక్క ఫోన్ చేసింది, ఈసారి చింతకాయ తొక్కు పెడుతోందట. పాత సీసా కడిగి పంపమంది. సీసా ఇంకా వాచ్‌మన్ ఇంట్లోనే ఉంది. సాయంత్రం దిగి వెళ్లి అడగాలి.