కూటా సందుల్లో డాలర్లు మార్చుకునేవారికి హెచ్చరిక: మీరు లెక్కపెట్టిన కట్టను మళ్ళీ వాళ్ళ చేతికి ఇవ్వకండి

నిన్న రాత్రి ఇండొనేషియాలోని బాలి దీవిలో, కూటా అనే బీచ్ ఊళ్ళో, నా కళ్ళ ముందే, నేను స్వయంగా నోట్లు లెక్కపెట్టుకున్న తరువాతే, ఎనిమిది లక్షల రూపియాలు (ఇక్కడి డబ్బు) పోగొట్టుకున్నాను. మన డబ్బులో అది దాదాపు 4,200 రూపాయలు. ఇదేమంత పెద్ద మొత్తమని ఓదార్చేవారు ఓదార్చవచ్చు గానీ, బ్యాంకులో 22 ఏళ్ళు క్యాష్ కౌంటర్లో కూర్చుని పదవీ విరమణ చేసిన మనిషి నోట్ల లెక్కలో మోసపోయాడన్న సంగతి నాకు ఇంకా మింగుడు పడడం లేదు.

బీచ్ వెనక సందుల్లో తిరిగినవారికి ఆ దుకాణాలు తెలిసే ఉంటాయి. ముందు సరోంగులు (నడుముకు చుట్టుకునే లుంగీల వంటివి), చెప్పులు వేలాడుతూ ఉంటాయి, లోపల మూలన ఒక బల్ల ఉంటుంది, వీధిలో నిలబెట్టిన పలక మీద ఆనాటి డాలరు ధర, దాని కింద కమిషన్ లేదన్న మాట పెద్ద అక్షరాలతో రాసి ఉంటాయి. మేము వీసాకు తలకు 5,00,000 రూపియాలు, బాలి పర్యాటక రుసుముకు తలకు 1,50,000 రూపియాలు ముందే కార్డుతో కట్టేశాము కాబట్టి, మిగిలిన అయిదు రోజుల ఖర్చుకు 300 డాలర్లు మారిస్తే చాలునని లెక్క వేసుకున్నాను. మూడు సున్నాలు కొట్టేసి అయిదుతో హెచ్చవేస్తే ఇంచుమించు మన రూపాయల్లోకి వస్తుందని మా ఆవిడకు పాఠం కూడా చెప్పాను. పుస్తకం పేజీల మధ్య మడత పడకుండా తెచ్చుకున్న మూడు వంద డాలర్ల నోట్లు జేబులో ఉన్నాయి. పెద్ద వీధిలో అద్దాల తలుపు ఉన్న దుకాణంలో డాలరుకు 16,250 ఇస్తున్నారు, ఈ సందులోని పలక మీద 16,450 అని ఉంది. "ఏమండీ, ఆ అద్దాల దుకాణంలోనే మారుద్దామండీ, ఇక్కడ రసీదు కూడా ఇచ్చేలా లేరు" అని మా ఆవిడ చెప్పింది. డాలరుకు 200 చొప్పున 60,000 రూపియాలు, అంటే మన 300 రూపాయల చిల్లర, ఎందుకు వదులుకోవాలని నేను వాదించాను. ఆ చిల్లరకు ఆశపడిన ఫలితమే ఈ 4,200.

బల్ల వెనక ఇద్దరు కుర్రవాళ్ళు ఉన్నారు. నాకు రావలసింది 49,35,000. లక్ష నోట్లు అయిపోయాయని చెప్పి ఒకడు నీలం రంగు 50,000 నోట్లు తీశాడు. 49 ఎర్ర లక్ష నోట్లతో తేలిపోయే పనికి 98 నీలం నోట్ల లావుపాటి కట్ట ఎందుకు వస్తున్నదో అప్పుడే ఆలోచించవలసింది. వాడు ఇరవేసి నోట్ల చొప్పున, ఒక దొంతరను నిలువుగా, ఒక దొంతరను అడ్డంగా పేర్చాడు. రెండోవాడు "మీది ఇండియానా? షారుఖ్ ఖాన్ అంటే మాకు చాలా ఇష్టం" అంటూ కబుర్లు మొదలుపెట్టాడు. నేను మాత్రం కబుర్లకు లొంగకుండా, బొటనవేలు తడి చేసుకుని, ఒక్కొక్క నోటూ నా చేత్తో లెక్కపెట్టాను. నీలం నోట్లు సరిగ్గా 98 ఉన్నాయి. 35,000 చిల్లర ఉండవలసిన చోట 25,000 మాత్రమే ఉంది. పట్టుకున్నాను! నోట్లు పేర్చినవాడు నుదురు కొట్టుకుని, సర్ లెక్క చాలా గట్టిది అని మెచ్చుకున్నాడు. నిజం చెప్పాలంటే ఆ మాటకు నేను పొంగిపోయాను.

ఆ పొంగులోనే కట్ట మొత్తం వాడి చేతికి తిరిగి ఇచ్చాను. వాడు 10,000 నోటు ఒకటి తీసి నాకు చూపించి కట్ట పైన పెట్టాడు, కట్టను నిలబెట్టి బల్ల అంచున రెండుసార్లు తట్టి అంచులు సర్దాడు, మధ్యకు మడిచి, రెండు చేతులతో ఎంతో మర్యాదగా నాకు అందించాడు. బల్లకు మా వైపు జానెడు ఎత్తున ఒక చెక్క ఉంది, కట్ట కింది సగం ఆ చెక్క చాటున ఉండిపోయింది. తట్టినప్పుడు వెనక ఉన్న పదహారు నోట్లు అవతలి సొరుగులోకి జారిపోయాయని ఇప్పుడు అర్థమవుతున్నది. కట్టను తట్టి సర్దడం నేను కౌంటర్లో రోజుకు వంద సార్లు చేసిన పని, అందుకే అది నాకు అనుమానించవలసిన పనిగా తోచలేదు. ఈ విద్య తెలియనివాడైతే బహుశా వాడి చేతుల వంకే చూసి ఉండేవాడు. తాడిని తన్నేవాడి తలను తన్నేవాడు ఉంటాడని ఊరికే అనలేదు.

గదికి వచ్చాక రోజుకు తొమ్మిది లక్షల చొప్పున అయిదు కవర్లలో సర్దుతూ కూర్చున్నాము. నాలుగు కవర్లు నిండాయి. అయిదో కవరులోకి వచ్చేసరికి 5,35,000 మాత్రమే మిగిలింది. దానిలో తొమ్మిది లక్షలు పెట్టాక టిప్పులకు ఇంకో 4,35,000 మిగలవలసింది. మంచం మీద, దిండ్ల కింద, మా ఆవిడ చేతిసంచిలో కూడా వెతికాను, అది నేను చేసిన మరో సిగ్గుమాలిన పని.

వెంటనే పరుగెత్తాను. ఆ ఇద్దరే అక్కడ ఉన్నారు, పావుగంట క్రితం షారుఖ్ ఖాన్ గురించి మురిసిపోయినవాడు నన్ను ఎన్నడూ చూడనట్లు మొహం పెట్టాడు. కాగితం ఉంటే చూపించమన్నాడు. కాగితం మీరే ఇవ్వలేదు కదా అంటే, "మీ చేత్తో మీరే లెక్కపెట్టుకుని వెళ్ళారు కదా సర్, లెక్క చాలా గట్టిది" అని అవే మాటలు నా మొహాన కొట్టి ఇద్దరూ నవ్వుకున్నారు. డబ్బు పోయినదానికంటే ఆ నవ్వు నన్ను రాత్రంతా నిద్ర పోనివ్వలేదు. పోలీసుల పేరు ఎత్తగానే ఒకడు తాపీగా వీధిలోకి వచ్చి, ధరల పలకను గోడ వైపు తిప్పి పెట్టి, షట్టరు సగానికి దించాడు. నా దగ్గర రసీదు లేదు, ఫొటో లేదు, వాడి పేరు కూడా తెలియదు. కౌంటర్ వదిలే ముందు నగదు సరిచూసుకోండి అన్న బోర్డు కింద 22 ఏళ్ళు కూర్చున్నవాడి పరిస్థితి ఇది.

ఇక వచ్చేవారి కోసం నాలుగు మాటలు. బయటి ధర కంటే ఎక్కువ ఇస్తామనే పలకను చూస్తే పక్కకు తప్పుకోండి, బ్యాంక్ ఇండొనేషియా (మన రిజర్వు బ్యాంకు వంటిది) అనుమతి గుర్తు తలుపు మీద ఉండి, అచ్చు రసీదు ఇచ్చే చోటనే మార్చండి, లక్ష నోట్లే అడగండి. మీరు లెక్కపెట్టిన తరువాత కట్ట మళ్ళీ వాళ్ళ చేతికి పోకూడదు. తక్కువ వస్తే ఆ తక్కువ నోటు విడిగా ఇమ్మనండి. ఏటీఎం వాడేవారు బ్యాంకు ఆవరణలో ఉన్నదే చూసుకోండి, మన రూపాయల్లో లెక్క కట్టమంటారా అని తెర మీద అడిగితే వద్దని చెప్పి రూపియాలే ఎంచుకోండి, లేకపోతే మారకపు ధర వాళ్ళ ఇష్టం అవుతుంది. చాలా యంత్రాల్లో ముందు డబ్బు, తరువాత కార్డు వస్తాయి కాబట్టి డబ్బు రాగానే వెనక్కు తిరగకండి. హోటళ్ళ మెనూలో ధర పక్కన రెండు ప్లస్ గుర్తులు ఉంటే పన్ను, సర్వీసు ఛార్జీ అదనమని అర్థం, బడ్జెట్లో అవి కూడా వేసుకోండి.

రేపు ఉదయం బాలిలోనే ఉన్న ఉబుద్ అనే ఊరికి బయలుదేరుతున్నాము. అయిదు కవర్లూ ఇప్పుడు మా ఆవిడ సంచిలో ఉన్నాయి, కాఫీకి కూడా నేను అడిగి తీసుకుంటున్నాను.